ఇంట్లో ఉప్పునీటి రీఫ్ ట్యాంకు: మే నెల ఎండకీ కరెంటు కోతకీ నిలబడేలా పెట్టుకోవడం ఎలా

రీఫ్ ట్యాంకు అంటే సముద్రపు చేపల్నీ పగడాల్నీ (కోరల్స్) కలిపి పెంచే ఉప్పునీటి అక్వేరియం. అది పెట్టాలనుకునేవాళ్లు ముందుగా చేపల గురించే అడుగుతారు. నీమో బతుకుతుందా, పగడాలు ఎక్కడ దొరుకుతాయి, లైటు ఏది కొనాలి అని. నేను మాత్రం రెండు ప్రశ్నలు తిరిగి అడుగుతాను. మే నెల మధ్యాహ్నం మూడింటికి మీ హాల్లో ఎంత వేడి ఉంటుంది? నాలుగు గంటలు కరెంటు పోతే మీ ఇంట్లో ఏవేవి నడుస్తాయి?

ఈ రెండింటికీ జవాబు సిద్ధంగా ఉంటే మిగతాది ఓపికతో నేర్చుకునే పనే. మన దగ్గర రీఫ్ ట్యాంకులు చాలావరకు పాడయ్యేది చేపల ఎంపిక వల్ల కాదు, వేడి వల్లా కరెంటు వల్లా. అందుకే ఇక్కడ ఆ రెండింటికీ ఎక్కువ చోటు ఇచ్చాను.

మూడడుగుల ట్యాంకు, కొన్ని చిన్న చేపలు, మెత్తని కోరల్స్ (రాతి గూడు కట్టని పగడాలు) అనుకుని ఈ లెక్కలన్నీ వేశాను. కింద సంప్‌తో (ట్యాంకు నీళ్లు దిగి, పంపుతో మళ్లీ పైకెళ్లే రెండో పెట్టె) కలిపి మొత్తం నీళ్లు సుమారు 200 లీటర్లు. ఇంతకంటే చిన్నది తేలిక అనిపిస్తుంది గానీ నిజానికి కష్టం. నీళ్లు తక్కువైనకొద్దీ వేడి, ఉప్పు త్వరగా మారిపోతాయి, పొరపాటు దిద్దుకునే వ్యవధి ఉండదు.

1. ట్యాంకు కొనకముందు తేల్చుకోవాల్సినవి

చోటు: కిటికీ ఎండ నేరుగా పడకూడదు. పడమటి గోడకు ఆనించొద్దు, సాయంత్రానికి ఆ గోడ పెనంలా కాలుతుంది. వంటగది పక్కన వద్దు. నీళ్లు పట్టుకునే కుళాయికి దగ్గరగా ఉంటే మీ నడుముకి మంచిది.

బరువు: నీళ్లు, రాయి, ఇసుక, గాజు, స్టాండు కలిపి 330 కిలోల పైనే ఉంటుంది. అపార్ట్‌మెంట్లో అయితే గది మధ్యలో కాకుండా బీము ఉన్న గోడ పక్కన పెట్టండి. పాత ఇల్లయితే ఇంజినీరుకి ఒకసారి చూపించండి.

నెల ఖర్చు: వారానికి 20 లీటర్ల నీళ్లు మారిస్తే నెలకు సుమారు 3 కిలోల సముద్రపు ఉప్పు మిశ్రమం కావాలి. లైటు, పంపులు కలిసి రోజుకు యూనిట్టున్నర దాకా కాలుస్తాయి. ఎండాకాలం చిల్లర్ (నీళ్లని చల్లబరిచే యంత్రం) తోడైతే రోజుకు ఇంకో రెండు యూనిట్లు వేసుకోండి.

సమయం: రోజుకు పది నిమిషాలు, వారానికి ఒక గంటన్నర. మొదటి చేప వచ్చేది ఆరో వారం తర్వాతే. ఇది పిల్లలకి ముందే చెప్పండి, లేకపోతే రోజూ పోరు పెడతారు.

2. ఏవి కొనకూడదు

దీన్ని చివర్లో చెప్తే ఎవరూ చదవరు కాబట్టి ముందే చెప్తున్నాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో పులితో పాటు రాతి పగడాలన్నీ ఉన్నాయి. నల్ల పగడాలు, ఫైర్ కోరల్, ఆర్గాన్ పైప్ కోరల్, సీ ఫ్యాన్లు కూడా అందులోవే. సముద్ర గుర్రాలకీ, సముద్ర దోసకాయలకీ చట్ట రక్షణ ఉంది.

మన్నార్ సింధుశాఖ నుంచో, అండమాన్ నుంచో తెచ్చామని 'లైవ్ రాక్' పేరుతో అమ్మేది చాలాసార్లు తవ్వితెచ్చిన పగడపు ముక్కే. దాన్ని కొనకండి. తయారుచేసిన రీఫ్ రాయి, సిరామిక్ రాయి దొరుకుతాయి. నాలుగు నెలల్లో అవీ సముద్రపు రాయిలాగే ఊదారంగు పట్టి కనిపిస్తాయి.

మెత్తని కోరల్స్‌కి కూడా బిల్లు, ఎక్కడ పెంచినవో తెలిపే కాగితం అడగండి. చూపించకపోతే వదిలేయండి. కాగితం ఉన్నవి దొరికేదాకా చేపలు, రొయ్యలతోనే ట్యాంకు నడపొచ్చు. అందం ఏమీ తగ్గదు.

చేపల విషయంలో మనకో మంచి వెసులుబాటు ఉంది. క్లౌన్ చేపల్ని (నీమో రకం) గుడ్ల నుంచి పిల్లల దాకా పెంచే పద్ధతిని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ మన దేశంలోనే అభివృద్ధి చేసింది. ట్యాంకులో పుట్టిన చేప మేతకి త్వరగా అలవాటు పడుతుంది, జబ్బులు తక్కువ. సముద్రంలో పట్టినదాని కోసం వెతకాల్సిన పని లేదు.

3. సామాను జాబితా

- ట్యాంకు: 3 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు
- స్టాండు: తుప్పు పట్టనిది. ఇనుముదైతే ఎపాక్సీ పెయింటు వేయించండి
- సంప్: 2 అడుగులది, లోపల అరలు ఉన్నది
- రిటర్న్ పంపు (సంప్ నీళ్లని పైకి పంపేది), రెండు వేవ్‌మేకర్లు (ట్యాంకులో నీళ్లని కదిలించేవి), ప్రోటీన్ స్కిమ్మర్ (మురికిని నురగగా తీసేది)
- రీఫ్ లైటు: వెలుగు తగ్గించి పెంచుకోగలిగినది
- పొడి రీఫ్ రాయి 16–18 కిలోలు, అరగొనైట్ (కాల్షియం కార్బొనేట్) ఇసుక 18–20 కిలోలు
- డీఐ ఫిల్టరు (ఆర్‌ఓ తర్వాత మిగిలిన లవణాల్ని రెసిన్‌తో తీసేది) ఉన్న ఆర్‌ఓ, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) మీటరు
- రిఫ్రాక్టోమీటరు (నీటి ఉప్పదనం కొలిచేది), దాన్ని సరిచేసే 35 పీపీటీ (వెయ్యి భాగాల్లో 35 భాగాల ఉప్పు) ద్రావణం
- అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, ఫాస్ఫేట్, ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా కాసే నీటి గుణం) టెస్ట్ కిట్లు
- రెండు థర్మామీటర్లు. ఒకటి తప్పు చూపిస్తే రెండోది పట్టిస్తుంది
- మూతలున్న ఫుడ్‌గ్రేడ్ డ్రమ్ములు రెండు: ఒకటి మంచినీళ్లకి, ఒకటి ఉప్పునీళ్లకి
- క్వారంటైన్ (కొత్త చేపని కొన్నాళ్లు విడిగా ఉంచడం) కోసం 40–50 లీటర్ల ప్లాస్టిక్ టబ్బు

డబ్బు తగ్గించుకోవాలంటే స్టాండు అందం దగ్గర, అలంకారాల దగ్గర తగ్గించుకోండి. రిఫ్రాక్టోమీటరు, ఆర్‌ఓ-డీఐ, వేవ్‌మేకర్ దగ్గర మాత్రం వద్దు.

బీచ్ ఇసుక తెచ్చి వాడొచ్చా అని అడుగుతుంటారు. వద్దు. భీమిలి లాంటి చోట్ల ఇసుకలో నల్లగా మెరిసేది ఇల్మెనైట్, గార్నెట్ వంటి ఖనిజాలు. మనకి కావలసింది కాల్షియం కార్బొనేట్ ఇసుక.

4. నీళ్లు తయారుచేయడం

బోరు నీళ్ల టీడీఎస్ చాలా కాలనీల్లో 500 దాటే ఉంటుంది. ఎండాకాలం ట్యాంకర్ నీళ్లయితే ఒక్కో లోడు ఒక్కోలా ఉంటాయి. మున్సిపల్ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. వీటిలో ఏదీ నేరుగా పనికిరాదు.

వంటింటి ఆర్‌ఓ నీళ్లు వాడదామనుకుంటే ఒక సంగతి గమనించండి. రుచి కోసం వాటిలో ఖనిజాలు కలిపే ఫిల్టరో, కొంచెం పచ్చినీళ్లు కలిపే టీడీఎస్ కంట్రోలరో ఉంటుంది. అందుకే మీటరు 50 నుంచి 100 చూపిస్తుంది. తాగడానికి మంచిదే గానీ ట్యాంకులో అదే నాచుకి మేత. ఆర్‌ఓ తర్వాత డీఐ రెసిన్ దాటి వచ్చిన నీళ్లు మీటరు మీద 0 చూపించాలి. 2 దాటితే రెసిన్ మార్చే రోజు వచ్చినట్టే.

విశాఖ, కాకినాడ వాళ్ల ప్రశ్న ఇంకోటి: సముద్రం పక్కనే ఉంది కదా, ఆ నీళ్లే తెచ్చుకోవచ్చా? తెచ్చుకోవద్దు. వానాకాలంలో గోదావరి, కృష్ణ మోసుకొచ్చే మంచినీటితో మన తీరం దగ్గర ఉప్పదనం బాగా పడిపోతుంది. పైగా పోర్టులు, ఫ్యాక్టరీలు, మురుగు కాలువలు ఉన్న ఒడ్డు అది. ఈ నెల తెచ్చిన నీళ్లు, వచ్చే నెల తెచ్చిన నీళ్లు ఒక్కలా ఉండవు.

ఉప్పునీళ్లు కలిపే వరుస:

- డ్రమ్ములో ముందు 0 టీడీఎస్ నీళ్లు నింపండి.
- లోపల చిన్న పంపు పెట్టి నీళ్లు తిరిగేలా చేయండి.
- లీటరుకు సుమారు 37 గ్రాముల చొప్పున ఉప్పు మిశ్రమాన్ని కొంచెం కొంచెంగా పోయండి. ప్యాకెట్ మీద వేరే కొలత ఉంటే అదే పాటించండి.
- కొన్ని గంటలు తిరగనివ్వండి. నీళ్లు తేటగా అయ్యాకే కొలవండి.
- 35 పీపీటీ, అంటే స్పెసిఫిక్ గ్రావిటీ (మంచినీటితో పోల్చిన సాంద్రత) 1.026 దగ్గర ఉండాలి.

ఎప్పుడూ నీళ్లలోకే ఉప్పు పోయాలి. ఉప్పు మీద నీళ్లు పోస్తే కాల్షియం తెల్లగా విరిగి అడుగున కూర్చుంటుంది, తర్వాత ఎంత కలిపినా కరగదు. వంటింటి ఉప్పు, రాళ్ల ఉప్పు ఈ పనికి రావు. సముద్రపు నీటిలో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం లాంటివి కూడా ఉండాలి, అవి ఈ మిశ్రమంలోనే ఉంటాయి.

రిఫ్రాక్టోమీటరుని మంచినీళ్లతో సున్నా చేసి ఊరుకోకండి. 35 పీపీటీ ద్రావణంతో నెలకోసారి సరిచూడండి. మనం కొలిచేది ఆ అంకె దగ్గరే కాబట్టి అక్కడే సరిగ్గా ఉండాలి.

5. వేడి

నీళ్లు 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. 29 దాటితే కోరల్స్ ముడుచుకుంటాయి. ఇంకా పెరిగి అలాగే ఉండిపోతే, తమ కణాల్లో ఉండి తిండి పెట్టే సూక్ష్మ నాచుని బయటికి తోసేసి తెల్లబడిపోతాయి. బ్లీచింగ్ అంటే ఇదే. చేపలకి ఇంకో కష్టం: నీళ్లు వేడెక్కినకొద్దీ ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. ఉప్పునీళ్లలో అది ముందే తక్కువ.

మొదటి మెట్టు ఫ్యాన్లు. నీటిమీద గాలి కొట్టేలా రెండు చిన్న ఫ్యాన్లు పెడితే నీళ్లు ఆవిరవుతూ చల్లబడతాయి. కుండలో నీళ్లు చల్లబడినట్టే. హైదరాబాద్, కరీంనగర్, అనంతపురం లాంటి పొడి ఎండ ఉన్న ఊళ్లలో ఇది మూడు డిగ్రీల దాకా తగ్గిస్తుంది. విశాఖ, మచిలీపట్నం, నెల్లూరుల్లో ఉక్కపోత వల్ల ఒక డిగ్రీ తగ్గినా గొప్పే. మీ ఇంట్లో ఎయిర్‌కూలర్ ఎంత బాగా పనిచేస్తుందో ట్యాంకు ఫ్యాన్ కూడా అంతే పనిచేస్తుంది. ముందే అంచనా వేసుకోవడానికి ఇంతకంటే మంచి గుర్తు లేదు.

ఫ్యాన్ పెడితే రోజుకు నాలుగైదు లీటర్లు ఆవిరవుతాయి. ఉప్పు మాత్రం ఎక్కడికీ పోదు. 200 లీటర్ల ట్యాంకులో మూడు రోజుల్లో 12 లీటర్లు పోతే 35 పీపీటీ కాస్తా 37 దాటుతుంది. అందుకే రోజూ తగ్గినంత మేర మంచినీళ్లు, అంటే 0 టీడీఎస్ నీళ్లే పోయాలి. ఉప్పునీళ్లు పోయకూడదు. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. సంప్ మీద స్కెచ్ పెన్నుతో గీత గీసి, రోజూ ఆ గీత దాకా నింపండి. తేలే స్విచ్‌తో తనంతట తానే నింపుకునే ఆటో టాప్ ఆఫ్ అయితే ఇంకా నయం.

రెండో మెట్టు చిల్లర్. కోస్తా ఊళ్లలో రీఫ్ ట్యాంకుకి ఇది తప్పదని నా అభిప్రాయం. దాన్ని స్టాండు లోపల పెట్టి తలుపు మూయకండి. అది నీటి నుంచి తీసిన వేడిని అక్కడే వదులుతుంది, ఆ వేడి మళ్లీ సంప్‌లోకే చేరుతుంది. గాలి ఆడే చోట పెట్టండి, కుదిరితే పైపులు సాగదీసి నీడ ఉన్న బాల్కనీలో.

మూడోది, అత్యవసరానికి: ఫ్రీజర్లో ఎప్పుడూ లీటరు నీళ్ల సీసాలు నాలుగు గడ్డకట్టి ఉంచండి. మూత బిగించిన సీసాని సంప్‌లో తేలేయండి. ఒక లీటరు ఐసు సీసా 200 లీటర్ల నీటిని సుమారు అర డిగ్రీ తగ్గిస్తుంది. నాలుగూ ఒకేసారి వేయొద్దు, గంటకొకటి చాలు. ఐసు ముక్కలు నేరుగా మాత్రం వేయకండి. ఆ పూట లైటు ఆపేయండి. ఒక రోజు వెలుతురు లేకపోతే కోరల్స్‌కి ఏమీ కాదు.

6. కరెంటు

కరెంటు పోగానే మొదట ఆగేది నీటి కదలిక. కదలిక ఆగితే ఆక్సిజన్ తగ్గుతుంది. లైటు, స్కిమ్మర్, చిల్లర్ కాసేపు లేకపోయినా పర్లేదు. నీళ్లు కదలకపోతే మాత్రం ఎండాకాలంలో కొన్ని గంటలే వ్యవధి.

ఇన్వర్టర్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి, లెక్క వేయండి. 150 ఏహెచ్ బ్యాటరీలో ధైర్యంగా వాడుకోగలిగింది సుమారు 900 వాట్ అవర్లు. రిటర్న్ పంపు, వేవ్‌మేకర్లు, చిన్న ఫ్యాన్లు కలిపి 40 వాట్లే కాబట్టి ట్యాంకు ఒక్కటే ఉంటే 20 గంటలు లాగుతుంది. కానీ అదే ఇన్వర్టర్ మీద ఇంట్లో రెండు సీలింగ్ ఫ్యాన్లు, లైట్లు ఉంటే మొత్తం 200 వాట్లు దాటి, నాలుగున్నర గంటలకి అంతా ఆరిపోతుంది. కాబట్టి కరెంటు పోగానే తనంతట తానే నడిచే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి విడిగా పెట్టుకోండి.

చిల్లర్‌ని ఇన్వర్టర్‌కి కలపొద్దు.

భద్రత విషయంలో రాజీ వద్దు. ఉప్పునీళ్లు మంచినీళ్లకంటే ఎన్నో రెట్లు బాగా కరెంటుని మోస్తాయి.

- ట్యాంకు లైనుకి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను తెంపే స్విచ్) ఉండాలి. ఇన్వర్టర్ లైను కూడా దాని కిందికి వస్తుందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి.
- ఎర్తింగ్ పనిచేస్తోందో పరీక్ష చేయించండి.
- ప్లగ్గు దగ్గరికి వెళ్లే ప్రతి వైరూ ముందు కిందికి వేలాడి తర్వాత పైకి వెళ్లాలి. వైరు వెంట జారే నీటి బొట్టు ఆ వంపు దగ్గర కింద పడుతుంది, సాకెట్లోకి పోదు.
- ఎక్స్‌టెన్షన్ బోర్డు నేలమీద, సంప్ పక్కన పెట్టకండి. గోడకి, నీటిమట్టం కంటే ఎత్తున బిగించండి.
- నీళ్లలో చెయ్యి పెట్టేముందు ట్యాంకు స్విచ్ ఆపండి. ప్రతిసారీ.

7. కట్టే వరుస

1. స్టాండు మీద స్పిరిట్ లెవెల్ పెట్టి చూడండి. అన్ని వైపులా సమంగా వచ్చేదాకా సర్దండి.
2. ఫ్రేము లేని ట్యాంకైతే అడుగున పలచని ఫోమ్ షీటు వేసి ట్యాంకు ఎక్కించండి.
3. మామూలు నీళ్లతో నింపి ఒక రోజు వదిలేయండి. లీకు ఉంటే ఇప్పుడే బయటపడాలి.
4. ఆ నీళ్లు తీసేసి, రాయిని ఖాళీ ట్యాంకు అడుగునే నిలబెట్టండి. ఇసుక మీద నిలబెడితే ఏదో ఒక రోజు గోబీ చేప కింద తవ్వుతుంది, రాయి గాజు మీద పడుతుంది.
5. రాళ్లు గోడకట్టినట్టు పేర్చకండి. రెండు దిబ్బలుగా, మధ్యలో నీళ్లు పారేలా పెట్టండి. గాజుకి నాలుగు వేళ్ల దూరం వదలండి, తుడిచే బ్రష్ తిరగాలి.
6. కడిగిన ఇసుక 3 సెంటీమీటర్ల మందాన పరవండి.
7. ఇసుక మీద పళ్లెం పెట్టి, దాని మీద ఉప్పునీళ్లు నెమ్మదిగా పోయండి.
8. పంపులు వేయండి. అంతా నడిచాక మెయిన్ స్విచ్ ఆపేసి చూడండి.

ఆ ఎనిమిదోదే అసలు పరీక్ష. కరెంటు పోతే పైట్యాంకు నీళ్లు కొంత సంప్‌లోకి దిగుతాయి. సంప్ పొంగితే ఇల్లంతా ఉప్పునీళ్లు. పొంగకుండా ఎంత మట్టం దాకా నింపొచ్చో చూసి అక్కడ గీత పెట్టండి. మళ్లీ స్విచ్ వేసి, పంపు తనంతట తాను నడుస్తుందో లేదో కూడా చూడండి.

8. సైక్లింగ్: చేప లేని ఐదారు వారాలు

మేతా మలమూ కుళ్లితే అమ్మోనియా వస్తుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ బ్యాక్టీరియాని రాయికీ ఇసుకకీ పట్టించడమే సైక్లింగ్. అది పట్టేదాకా చేప వేయకూడదు. పాలల్లో తోడేసి గంటకోసారి గిన్నె కదిపితే పెరుగు తోడుకోదు, ఇదీ అంతే.

- సీసాలో దొరికే సముద్రపు బ్యాక్టీరియా పోయండి.
- శుద్ధమైన అమ్మోనియం క్లోరైడ్ 200 లీటర్లకు సుమారు 1.25 గ్రాములు కరిగించి పోస్తే అమ్మోనియా 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) అవుతుంది. అది దొరక్కపోతే ఒక పచ్చి రొయ్యని గుడ్డలో కట్టి వేయండి. వాసన వస్తుంది, ఓర్చుకోండి.
- రెండు రోజులకోసారి అమ్మోనియా, నైట్రైట్ కొలిచి పుస్తకంలో రాయండి.
- లైటు అక్కర్లేదు. వేస్తే నాచు వస్తుంది.
- 2 పీపీఎం అమ్మోనియా పోసిన 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా అయితే సైక్లింగ్ అయినట్టు.
- అప్పుడు సగం నీళ్లు మార్చండి.

వారానికే నీళ్లు అద్దంలా ఉంటాయి, షాపువాళ్లు కూడా చేప వేసుకోవచ్చంటారు. కిట్ సున్నా చూపించేదాకా ఆగండి.

9. గోధుమ రంగు పొర

లైటు వేసిన కొన్ని రోజులకి ఇసుకా రాయీ గోధుమ రంగు దుమ్ము పట్టినట్టు అవుతాయి. అది డయాటమ్ అనే సూక్ష్మ నాచు. కొత్త ట్యాంకులన్నిటికీ వస్తుంది, కొన్ని వారాల్లో పోతుంది. మందులు పోయకండి. గాజు తుడవండి, నాచు తినే నత్తలు ఐదారు వేయండి, అంతే. నత్తల్ని 35 పీపీటీ నీళ్లకి గంటసేపు బొట్టుబొట్టుగా అలవాటు చేసి దింపండి. ఉప్పదనం తేడాకి అవి చేపలకంటే తొందరగా చస్తాయి.

10. చేపలు: ఎవరు ముందు, ఎవరు తర్వాత

ఈ సైజు ట్యాంకులో నాలుగైదు చిన్న చేపలకంటే ఎక్కువ వద్దు. శాంతంగా ఉండేవి ముందు, పెత్తనం చేసేవి చివర్లో.

ముందు ఫైర్‌ఫిష్, లేదా వాచ్‌మన్ గోబీ. పిస్టల్ రొయ్యతో కలిపి పెడితే ఆ గోబీ కాపలా కాస్తుంది, రొయ్య ఇల్లు తవ్వుతుంది. గంటలు గంటలు చూడొచ్చు. తర్వాత క్లీనర్ రొయ్య. చివర్లో ఒసెల్లారిస్ క్లౌన్ల జంట. రెండూ చిన్నవే కొనండి, ఒకటి కాస్త పెద్దదిగా ఉండాలి. క్లౌన్లు మొదట మగవే. రెండింటిలో పెద్దది ఆడదవుతుంది. రెండు పెద్ద చేపలు కలిపితే కొట్టుకుంటాయి.

ఇవి వద్దు: నీలం ట్యాంగ్, దానికి ఆరడుగులైనా ఈదే చోటు కావాలి. మాండరిన్, కొత్త ట్యాంకులో దానికి తిండి పురుగులు చాలక మాడిపోతుంది. డామ్సెల్‌లు చవకగా వస్తాయి, కానీ తర్వాత వచ్చే చేపలన్నిటినీ తరుముతాయి.

ప్రతి చేపా నాలుగు వారాలు క్వారంటైన్ టబ్బులో ఉండాలి. స్పాంజి ఫిల్టరు, దాక్కోడానికి పీవీసీ పైపు ముక్క, హీటరు చాలు. ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు వస్తే అది మెరైన్ ఇక్ అనే పరాన్నజీవి జబ్బు. రాగి మందు ఈ టబ్బులో మాత్రమే, కిట్‌తో కొలుస్తూ వాడాలి. అసలు ట్యాంకులో రాగి చుక్క పడినా రొయ్యలు, నత్తలు, కోరల్స్ పోతాయి. రాయిలో ఇంకిన రాగి నెలల తరబడి వదలదు.

దింపే పద్ధతి: సంచిని 20 నిమిషాలు నీటిలో తేలేసి వేడి సమం చేయండి. దగ్గరి షాపు నుంచి తెచ్చినదైతే 45 నిమిషాలు బొట్టుబొట్టుగా నీళ్లు కలపండి. వేరే ఊరి నుంచి పార్సెల్లో వచ్చినదైతే అంతసేపు వద్దు. సంచి విప్పగానే లోపలి కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ పెరుగుతుంది, అప్పటిదాకా అంతగా హాని చేయని అమ్మోనియా విషమవుతుంది. సంచి నీళ్ల ఉప్పదనం ముందే కనుక్కుని, టబ్బు నీళ్లని దానికి సరిపెట్టి, వెంటనే చేపని దింపండి. సంచి నీళ్లు ట్యాంకులో పోయొద్దు.

11. మెత్తని కోరల్స్

నాలుగో నెలలో మొదలుపెట్టండి. మష్రూమ్, లెదర్, జోవాంథిడ్‌లు కొత్తవాళ్ల పొరపాట్లు ఓర్చుకుంటాయి. జీనియా అందంగా ఊగుతుంది గానీ రాళ్లన్నీ ఆక్రమిస్తుంది, విడిగా ఒక రాయి మీదే ఉంచండి.

కొనేముందు వీటి దగ్గర అంకెలు ఉన్నాయా చూడండి:

- ఉప్పదనం 35 పీపీటీ
- ఆల్కలినిటీ 8–9 డీకేహెచ్ (ఆల్కలినిటీ కొలిచే యూనిట్)
- నైట్రేట్ 2–10 పీపీఎం
- ఫాస్ఫేట్ 0.03–0.1 పీపీఎం
- రాత్రికీ పగటికీ వేడి తేడా ఒక డిగ్రీ లోపు

నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నాకి తేవాలని పట్టుబట్టకండి. సున్నా ట్యాంకులో మెత్తని కోరల్స్ ఆకలితో వాడిపోతాయి. అంకె సరిగ్గా మధ్యలో ఉండటం కంటే రోజూ ఒక్కలా ఉండటం ముఖ్యం.

లైటు 30 శాతంతో మొదలుపెట్టి వారానికి ఐదు శాతం పెంచండి. రోజుకు ఎనిమిది గంటలు చాలు. కొత్త కోరల్‌ని మొదట అడుగున, ఇసుక దగ్గర పెట్టండి. లెదర్ కొన్ని రోజులు ముడుచుకుని మైనంలా మెరుస్తుంది. చచ్చిపోయిందనుకుని పారేయకండి, పైపొర విడుస్తోంది.

జోవాంథిడ్‌లతో జాగ్రత్త. వాటిలో పాలీటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉండొచ్చు. చేతికి గ్లౌజులు, కంటికి అద్దాలు లేకుండా కోయొద్దు, తోమొద్దు. అవి ఉన్న రాయిని వేడినీళ్లలో వేయడం, మరిగించడం అసలే వద్దు. ఆ ఆవిరి పీలిస్తే ఇంట్లో అందరూ ఆసుపత్రి పాలవుతారు.

12. రోజు, వారం, నెల

రోజూ:
- వేడి చూడటం, గీత దాకా మంచినీళ్లు పోయడం
- రెండు పూటలా, రెండు నిమిషాల్లో తినేంతే మేత
- చేపల్ని లెక్కపెట్టడం

వారానికోసారి:
- 20 లీటర్ల నీటి మార్పిడి, కొత్త నీళ్ల వేడి, ఉప్పదనం సమంగా చూసుకుని
- ఉప్పదనం, ఆల్కలినిటీ, నైట్రేట్ కొలవడం
- స్కిమ్మర్ గిన్నె కడగడం, సబ్బు లేకుండా

నెలకోసారి:
- రిఫ్రాక్టోమీటరు సరిచూడటం
- వేవ్‌మేకర్లు విప్పి వెనిగర్ కలిపిన నీళ్లలో నానబెట్టి, బాగా కడిగి బిగించడం
- కరెంటు ఆపి పరీక్షించడం

మన ఇళ్లలో ఇంకో ప్రమాదం ఉంది. దోమల మందు, బొద్దింకల స్ప్రే. వాటిలోని పైరెథ్రాయిడ్‌లు చేపలకీ, అంతకుమించి రొయ్యలకీ విషం. ట్యాంకు ఉన్న గదిలో దోమల మెషిన్ పెట్టకండి, కిటికీలకి మెష్ వేయించండి. పెస్ట్ కంట్రోల్ వాళ్లు వచ్చే రోజు ఆ గది మినహాయించండి. నూనె, శానిటైజర్ అంటిన చేత్తో నీళ్లు ముట్టొద్దు.

13. ఏదో తేడాగా ఉంది, ఏం చేయాలి?

చేపలు పైకొచ్చి ఆయాసపడుతున్నాయి: వెంటనే వేవ్‌మేకర్‌ని నీటి పైపొర కదిలేలా తిప్పండి, ఎయిర్ పంపు వేయండి. ఆ తర్వాత వేడి, అమ్మోనియా కొలవండి. ఈ వరుస తప్పొద్దు.

ఎర్రటి జిగురు పొర: సయనోబ్యాక్టీరియా. పైపుతో పీల్చి తీసేయండి, ఆ మూలకి నీటి కదలిక పెంచండి, మేత తగ్గించండి. యాంటీబయోటిక్ పోయమనే సలహా వినకండి.

పచ్చటి వెంట్రుకల నాచు: ముందు ఆర్‌ఓ నీళ్ల టీడీఎస్ చూడండి. చాలాసార్లు రెసిన్ అయిపోయి ఉంటుంది. చేత్తో పీకేసి, నత్తల సంఖ్య పెంచండి.

కోరల్స్ అన్నీ ఒకేసారి ముడుచుకున్నాయి: ఒకటి ముడుచుకుంటే అది దాని గొడవ, అన్నీ ముడుచుకుంటే నీళ్ల గొడవ. ఉప్పదనం, వేడి, ఆల్కలినిటీ ఇదే వరుసలో చూడండి. ఉప్పదనం తేడా వస్తే రోజుకు 1 పీపీటీ చొప్పునే సరిచేయండి.

ఏం తేడానో తెలియడం లేదు: ఏ మందూ పోయకండి. 20 శాతం నీళ్లు మార్చి, కొత్త యాక్టివేటెడ్ కార్బన్ సంప్‌లో వేసి, మర్నాడు మళ్లీ కొలవండి.

14. ఊరెళ్లేటప్పుడు

నా మొదటి ట్యాంకు మే నెలలో, పెళ్లికని నాలుగు రోజులు ఊరెళ్లినప్పుడు పోయింది. కరెంటు పోయి వచ్చింది గానీ ఆ కుదుపుకి ట్యాంకు లైను ఎంసీబీ పడిపోయింది. ఇంట్లో లైట్లన్నీ వెలుగుతున్నాయి కాబట్టి, తాళం చెవి ఇచ్చి వెళ్లిన పక్కింటి పిన్నిగారికి అనుమానం రాలేదు. తిరిగొచ్చేసరికి నీళ్లు 33 డిగ్రీలు. ఒక్క లెదర్, రెండు మష్రూమ్‌లు మిగిలాయి. తప్పు ఆవిడది కాదు. ఏం చూడాలో నేను చెప్పలేదు.

ఇప్పుడు వెళ్లేముందు ఇవి చేస్తాను:

- మూడు రోజుల ముందు నీళ్లు మార్చడం. బయల్దేరే రోజు ఏదీ ముట్టుకోను.
- మేతని రోజుకో పొట్లంగా కట్టి, మీద తేదీ రాయడం. డబ్బా మాత్రం బీరువాలో పెట్టేస్తాను. జాలిపడి ఎవరూ ఎక్కువ వేయకుండా.
- ఆటో టాప్ ఆఫ్ డ్రమ్ము నిండా నీళ్లు నింపడం.
- వేడి 28 దాటితే ఫోన్‌కి కబురు పంపే థర్మామీటరు, రౌటర్ ఇన్వర్టర్ మీద.
- ట్యాంకు ఎంసీబీ మీద ఎర్ర స్టిక్కరు.
- ఫ్రీజర్లో నాలుగు ఐసు సీసాలు.
- ట్యాంకు గాజు మీద అతికించిన కాగితం: "పిన్నిగారూ, నీళ్లు కదులుతున్నాయా? థర్మామీటరు 28 లోపు ఉందా? రెండిటిలో ఏది కాదన్నా ముందు ఎర్ర స్టిక్కరు స్విచ్ చూడండి, తర్వాత ఒక ఐసు సీసా మూత తీయకుండా కింది పెట్టెలో వేయండి, ఆ తర్వాత నాకు ఫోన్ చేయండి. అర్ధరాత్రయినా పర్లేదు."